విజయనగరం ఆటో షోలో మన నెక్సాన్ ఈవీ: మొదటి రోజు

ఆటో షోలో మా ఎలక్ట్రిక్ కారు టాటా నెక్సాన్ ఈవీని జనానికి చూపించడానికి స్లాట్ దొరికింది, ఇవాళ మొదటి రోజు అయిపోయింది, కాళ్ళు లాగేస్తున్నాయి గానీ పడుకునే ముందు రాసేస్తున్నా, లేకపోతే సగం మర్చిపోతాను.

బండి 45 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీది. రాత్రంతా ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టా, దాంట్లో గంటకి 6 శాతం లెక్కన ఎక్కుతుంది, పొద్దున్నకి ఫుల్. ముందురోజే వాటర్ సర్వీసింగ్ చేయించా గానీ గ్రౌండ్‌లో దుమ్ము మామూలుగా లేదు. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, స్ప్రే బాటిల్‌లో నీళ్ళు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు తప్పనిసరి.

అసలు తలనొప్పి 12 వోల్టుల బ్యాటరీ. ఈవీలో కూడా అలాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందని చాలామందికి తెలీదు, లాకులు, లైట్లు, స్క్రీన్ అన్నీ దాని మీదే. బండి ఆఫ్‌లో ఉంచి రోజంతా డోర్లు తీసి పెడితే అది దిగిపోతుంది, అప్పుడు పెద్ద బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా బండి లేవదు. పోనీ రెడీలో, అంటే ఆన్ చేసి కదలడానికి సిద్ధంగా పెడదామా అంటే పెద్దదే చిన్నదాన్ని చార్జ్ చేస్తూ ఉంటుంది నిజమే, కానీ ఎవరి గుంటడైనా ఎక్కి బ్రేక్ నొక్కి గేర్ నాబ్ తిప్పాడంటే బండి కదిలిపోద్ది, ఇంజన్ సౌండ్ ఉండదు కదా పక్కనోళ్ళకి తెలీను కూడా తెలీదు. అందుకే రెడీలోనే పెట్టి, డ్రైవర్ సీట్లో మా బావమరిదిని కూర్చోబెట్టేసి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టా. ఆడు సాయంత్రం దాకా కదల్లేదు, బిర్యానీ బాకీ ఉన్నాను.

సన్‌రూఫ్ చూసి ఎవరూ ఆగలేదు, ఇప్పుడు అది చాలా బళ్ళకి ఉంది. జనం ఆగింది కెటిల్ దగ్గర. వీటూఎల్ అడాప్టర్ (బండి బ్యాటరీ నుంచి బయటి సామాన్లకి కరెంట్ ఇచ్చేది) పెట్టి బండి కరెంట్‌తోనే టీ కాస్తుంటే ఒక్కసారిగా పోగైపోయారు. లీటరు నీళ్ళు మరగడానికి యూనిట్‌లో పదో వంతు చాలు, రోజంతా కాచినా ఏసీ తాగినంత తాగదు.

ఇక ప్రశ్నలు. గ్రీన్ ప్లేట్ చూసి టాక్సీయా అని అడిగినోళ్ళే ఎక్కువ, ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంతబండి, పసుపు అక్షరాలైతే టాక్సీ అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఒక ఫుల్ చార్జ్‌కి కంపెనీ 489 కిలోమీటర్లు అంటుంది కదా నిజంగా ఎంతొస్తుంది అంటే, ఏసీతో హైవే మీద నాకు 300 దాటుతోంది, వైజాగ్ వెళ్ళి రావడానికి ఆలోచించక్కర్లేదు. ఒక పెద్దాయనైతే "మా ఊరెళ్ళాలంటే చంపావతి దాటాల బాబూ, నీటిలో షాక్ కొట్టదేటి?" అన్నారు. బ్యాటరీకి ఐపీ67 ఉంది, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకునేలా సీల్ చేసుంటుంది తాతగారూ, అయినా పొంగే ఏట్లో మాత్రం ఏ బండీ దింపకండి అన్నా. నమ్మినట్టు లేరు, టీ మాత్రం తాగారు.

రేపటికి ఈ జవాబులన్నీ పెద్ద తెలుగు అక్షరాలతో చార్టు మీద రాసి అద్దానికి అంటించేస్తా. అత్తయ్య పెసలు నానబోసింది, ఇండక్షన్ పొయ్యి పెట్టి బండి కరెంట్‌తో పెసరట్లు వేద్దామని ప్లాన్, పొయ్యి 2000 వాట్లు, బండి 3.3 కేవీఏ, అంటే సుమారు 3300 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి లోడ్‌కి ఇబ్బంది లేదు. మంట లేదు కదా అని షో వాళ్ళు ఒప్పుకుంటారో లేదో పొద్దున్నే వెళ్ళి అడగాలి.