పెద్ద డబ్బా పెడితే జాస్తి వాన పడతాదా మేడం?

వారమంతా వానే. నవంబరు కదా, మన వైపు చెరువులు నింపే వానలు ఈశాన్య రుతుపవనాలతో ఇప్పుడే వస్తాయి. బడికి సెలవిచ్చేంత వాన కాదు గానీ ఆటలు బంద్, ప్రార్థన కూడా వరండాలోనే, పిల్లలేమో సగం తడిసి తుమ్ముకుంటూ వచ్చి కూర్చుంటున్నారు. అయినా చాలా రోజుల తర్వాత ఒక వారం ఇంత ఉత్సాహంగా గడిచింది, మర్చిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

మాది చంద్రగిరి దాటి కాస్త లోపలికి ఉండే ప్రాథమికోన్నత పాఠశాల. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలూ సైన్సూ రెండూ నేనే చెప్తాను. ఈ ఏడాది బడి తెరిచినప్పటి నుంచీ ఒక పద్ధతి గట్టిగా పట్టుకున్నాను. ఏదైనా కొలిచే ముందు, ఏ ప్రయోగమైనా చేసే ముందు, ఎంత వస్తుందో ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ నోట్సులో అంచనా రాయాలి. పెన్నుతోనే రాయాలి, తర్వాత కొట్టేయకూడదు, పక్కవాళ్లది చూడకూడదు, తప్పయితే మార్కులేమీ పోవు. అందరూ రాశాకే టేపు గానీ గ్లాసు గానీ బయటికి తీస్తాను. తోటి టీచర్లు "ఇట్లా అయితే సిలబస్ ఎప్పటికి అవుతుంది మేడం" అని అడుగుతుంటారు, వాళ్ల టెన్షన్ కూడా నిజమే, పరీక్షలు ఎవరి కోసమూ ఆగవు. కానీ అంచనా రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు పెట్టిన రోజు క్లాసులో ఒక్క పిల్లాడు కూడా కిటికీ వైపు చూడడు, తను రాసింది నిజమవుతుందా లేదా అని అందరి కళ్లూ బల్ల మీదే ఉంటాయి.

సోమవారం ఏడో తరగతి వాళ్లతో వానను కొలిచే బాటిల్ చేయించాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పైభాగం కోసి, ఆ కోసిన ముక్కనే తలకిందులుగా గరాటులాగా అందులో దించాలి. బాటిల్ అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా అని గీత గీయాలి. అక్కడి నుంచి పైకి మిల్లీమీటర్లు. చెట్టు కిందా గోడ పక్కనా కాకుండా గ్రౌండు మధ్యలో ఇటుకల నడుమ నిలబెట్టాం. మంగళవారం పొద్దున 22 మిల్లీమీటర్లు వచ్చింది. అది బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలో ఉండే పిల్లాడు లేచి, "మేడం, బాటిల్ సన్నంగా ఉండాది గదా, పెద్ద డబ్బా పెడితే జాస్తి వాన పడతాదా?" అన్నాడు.

ఇంత మంచి ప్రశ్న నేను తయారు చేసి అడగలేను. వెంటనే జవాబు చెప్పేస్తే అక్కడితో అయిపోయేది, అందుకే అందరి చేతా రాయించాను. ఎక్కువ మంది పెద్ద డబ్బాలోనే నీళ్లు ఎత్తుగా నిలుస్తాయని రాశారు. నలుగురు రెండూ సమానమన్నారు గానీ ఎందుకని అడిగితే చెప్పలేకపోయారు. ఒక పిల్ల మాత్రం చిన్నదాంట్లోనే ఎక్కువ వస్తుంది, ఇరుకు కాబట్టి నీళ్లు పైకి లేస్తాయి అని రాసింది. నాకు ఆ జవాబు ఎంత నచ్చిందో! బిందెలో నీళ్లు చెంబులోకి వంచినప్పుడు చూసే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఆలోచించింది.

వంట ఆయమ్మను అడిగి ఖాళీ నూనె డబ్బా తెచ్చుకున్నాం, పదిహేను కేజీలది, నిట్టనిలువు గోడలది. పైరేకు నేనే కోసి, చేతులు తెగకుండా అంచులు సుత్తితో మడిచి, బాటిల్ పక్కనే పెట్టాం. బుధవారం పొద్దున ప్రార్థన అయ్యీ అవ్వకముందే ఏడో తరగతి మొత్తం డబ్బా చుట్టూ మూగింది. స్టీలు స్కేలు నేరుగా దించితే సరిపోదని, స్కేలు చివర సున్నాకి ముందు కాస్త ఖాళీ ఉంటుంది కాబట్టి దాన్ని కూడా కలుపుకోవాలని వాళ్లలో ఒకడే కనిపెట్టాడు. బాటిల్‌లో 31, డబ్బాలో 30. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ప్రశ్న అడిగిన పిల్లాడే మళ్లీ చెప్పాడు, డబ్బా నోరు పెద్దది కాబట్టి చినుకులు ఎక్కువే పడతాయి, కానీ అడుగు కూడా అంతే పెద్దది కదా, పరుచుకుంటాయి అని. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా ఎక్కడి నుంచి వచ్చిందనే దాని మీద ఇంకో పావుగంట వాదన నడిచింది, డబ్బా కింద ఇటుక కాస్త వాలుగా ఉందని తేలాక గానీ శాంతించలేదు.

దీని వల్ల ఇంకో మేలు జరిగింది. టీవీలో ఫలానా చోట ఇన్ని సెంటీమీటర్ల వర్షపాతం అని చెప్తుంటారు కదా, అది వింటారు గానీ అంటే ఏమిటో పిల్లలకి తెలీదు, చాలామంది పెద్దవాళ్లకీ తెలీదు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద సరిగ్గా ఒక లీటరు నీళ్లు. ఇది చెప్పి, గచ్చు మీద చాక్‌పీసుతో మీటరు చదరం గీసి, ఒక లీటరు బాటిల్ చూపించాను. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగి, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లని ఖాళీ చేయించారు కదా, అప్పుడు ఈ పిల్లలు చాలా చిన్నవాళ్లు. అయినా ఒక అమ్మాయికి బాగా గుర్తుంది, వాళ్ల అవ్వ ఊరు రాయలచెరువు కిందే అట, రాత్రికి రాత్రి కోళ్లను కూడా ఆటోలో వేసుకుని వచ్చేశారట. ఆ పిల్ల చెప్తుంటే క్లాసులో మిల్లీమీటరు అనే మాటకి ఒక బరువు వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం వాళ్లకే ఆమ్లాలు, క్షారాలు పాఠం. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయని ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు, దిష్టి తీసే ఎర్రనీళ్లు చూడని పిల్ల మా బళ్లో లేదు. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను, ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే ఏమవుతుంది? ఇంకా ఎర్రబడతాయి, నల్లబడతాయి, ఏమీ కావు, పాలు విరిగినట్టు విరిగిపోతాయి, ఇలా రకరకాలుగా రాశారు. గాజు గ్లాసులో ఒక్కో చుక్కా పిండుతుంటే చుక్క పడిన చోట పసుపు మచ్చ కనపడటం, స్పూనుతో తిప్పగానే అది మాయమై మళ్లీ ఎరుపు, మళ్లీ చుక్క, మళ్లీ మచ్చ, చివరికి ఒక చుక్కతో గ్లాసంతా పసుపు అయిపోయింది. మళ్లీ సున్నం వేస్తే? ఈసారి ఎవరూ రాయలేదు, అరిచారు. మర్నాడు ఒకడు ఇంట్లో చింతపండు రసంతో చేసి చూశానని, అయిందని చెప్పాడు, వాళ్లమ్మ తిట్టిందట కూడా.

బాగా చదివే పిల్లలకే ఈ అంచనా రాయడం కష్టంగా ఉంటుంది. ఇది నేను ఏడాదంతా గమనిస్తున్న విషయం. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉంది, ఏ పరీక్ష పెట్టినా ముందు ఉంటుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అంచనా రాయమంటే మాత్రం పెన్ను మూత తీసి కూర్చుని చుట్టూ చూస్తుంది. తప్పు రాస్తే ఏమవుతుందో అనే భయం ఆ పిల్ల ముఖంలో కనపడుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది, ఆ భయం నేర్పింది మనమే కదా, ర్యాంకులని, ఫుల్ మార్కులని. నిమ్మకాయ రోజు తన పక్కన బెంచీ మీద కూర్చుని, సరైనది ఏదో నాకొద్దు, నీకేం అనిపిస్తోందో చెప్పమ్మా అన్నాను. చాలాసేపటికి మెల్లగా "రంగు తగ్గుతుందేమో మేడం" అంది. రాయమన్నాను. నోట్సు మీద చేయి అడ్డం పెట్టుకుని రాసింది. శుక్రవారం కూడా చేయి అడ్డం పెట్టుకునే రాసింది, కానీ అడగకుండానే రాసింది.

ఆరో తరగతికి గురువారం చింతగింజలు పంచాను. ఒక గింజ, దాన్ని ఆనుకుని రెండు వైపులా మలుపు తిరిగేలా మూడు పెడితే నాలుగు గింజల చదరం, ఇంకో ఐదు పెడితే తొమ్మిది, ఏడు పెడితే పదహారు. బేసి సంఖ్యలు వరసగా కలుపుతూ పోతే వర్గాలు వస్తాయని పుస్తకంలో ఉన్నది వాళ్ల వేళ్ల కిందే వచ్చింది. అప్పుడు గాదంకి సంగతి చెప్పాను. గాదంకి అనగానే అందరికీ టోల్‌గేటే గుర్తొస్తుంది, కానీ అక్కడే అంతరిక్ష శాఖ వాళ్ల జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది, అందులో మన తల మీద గాలులు ఎటు ఎంత వేగంగా కదులుతున్నాయో కనిపెట్టే పెద్ద రాడార్ ఉంది. గుండ్రంగా తిరిగే గొడుగు కాదు అది, నేల మీద చదరంగా నాటిన 1024 యాంటెన్నాలు. వరుసకి ఎన్ని ఉంటాయి, రాయండి అన్నాను. నూరు అన్నారు, యాభై అన్నారు. ముగ్గురు నలుగురు 256 రాశారు, చదరానికి నాలుగు పక్కలు కదా అని నాలుగుతో భాగించారు. ఆ 256 రాసినవాళ్ల చేతే 256 వరుసలు, వరుసకి 256 అయితే మొత్తం ఎన్నో చూడమంటే, గుణకారం సగంలోనే నవ్వడం మొదలుపెట్టారు. ముప్పై ముప్పైలు తొమ్మిది వందలు, ముప్పైఒకటి ముప్పైఒకట్లు 961, అక్కడి నుంచి 32 దొరికింది. 32 వరుసలు, వరుసకి 32, మొత్తం 130 మీటర్ల చదరం. చివరి వరుస మలుపులో ఎన్ని గింజలు పెట్టాలి మేడం అని ఒక పిల్ల అడిగింది. మిగతావాళ్లు భోజనం గంట కొట్టినా కదలకుండా 63 అని తేల్చి వెళ్లారు.

ఇక ఈ రోజు. శనివారం మాకు నో బ్యాగ్ డే. కొత్త జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు బ్యాగు లేకుండా గడపాలని ఉంది, మాకు శనివారాలు అలా కలిసొచ్చాయి. శుక్రవారం రాత్రి గట్టి వాన, బాటిల్‌లో 35 మిల్లీమీటర్లు. మా ఏడో తరగతి గది కప్పు మీద పడిన నీళ్లు ఎన్ని బకెట్లు? పది అన్నారు, ఇరవై అన్నారు, ఒకడు యాభై అంటే మరీ ఎక్కువ చెప్తున్నావని అందరూ వాడి మీద పడ్డారు.

కప్పు కొలవాలంటే గది పొడవు కావాలి, దానికీ అంచనా కావాలి కదా. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి వరండా చివర నిలబడి ఒక్కసారి చూసి "పద్దెనిమిది మూరలు మేడం" అంది. వాళ్లమ్మ తిరుపతిలో పూలు అమ్ముతుంది, ఈ పిల్ల సాయంత్రాలు కూర్చుని మాల కడుతుంది. తన మూర ఎంతుందో స్కేలుతో కొలిస్తే 45 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది మీటర్ల పది. టేపు పెడితే సరిగ్గా ఎనిమిది మీటర్లు! మీటర్లలో ఊహించినవాళ్లలో ఒక్కరు కూడా అంత దగ్గరికి రాలేదు. ఇన్నాళ్లూ లెక్కల్లో వెనకబడిన పిల్ల అని రిజిస్టర్లో ఉన్న అమ్మాయి ఇది. పొడవు ఎనిమిది, వెడల్పు ఆరు, 48 చదరపు మీటర్లు, 35 మిల్లీమీటర్లు, మొత్తం 1680 లీటర్లు. మా బకెట్ పదిహేను లీటర్లది, లీటరు బాటిల్‌తో పోసి చూసుకున్నాం. 112 బకెట్లు. యాభై అన్నవాణ్ని ఇప్పుడు అందరూ వేరేగా చూస్తున్నారు. అన్ని నీళ్లూ ఎటు పోయాయని పైపు వెంబడి వెళ్లి చూస్తే, రోడ్డు పక్క కాలవలోకి. డ్రమ్ము పెడదాం మేడం అని పట్టుకున్నారు, హెడ్మాస్టర్ గారితో వాళ్లే మాట్లాడతారట, లెక్క చేసిన కాగితం కూడా చూపిస్తారట.

ఇంటికెళ్లే ముందు ఒకడు వచ్చాడు. వాళ్ల నాన్న తిరుమలలో హోటల్లో పని చేస్తాడు, కొండ మీద ఇక్కడికంటే ఎక్కువ వాన పడుతుందని రోజూ చెప్తుంటాడట, నిజమో కాదో బాటిల్ పెట్టి చూడొచ్చా అని. కొండ మీదికి ప్లాస్టిక్ బాటిల్ తీసుకుపోనివ్వరు కదరా, అలిపిరి దగ్గరే ఆపుతారు అన్నాను. వాడు ఏమాత్రం ఆలోచించలేదు. "స్టీలు డబ్బా పెడతాడు మేడం. చిన్నదైనా పెద్దదైనా ఒకటే గదా, గోడలు నిలువుగా ఉంటే చాలు" అన్నాడు.

నాన్నకి స్కేలు కూడా ఇచ్చి పంపమన్నాను, సున్నాకి ముందున్న ఖాళీ సంగతి చెప్పమన్నాను. కింద ఎంత, పైన ఎంత అని అప్పటికప్పుడు అంచనాలు రాయించేశాను. సగం మంది కొండ మీద డబుల్ అన్నారు, కొందరు కొద్దిగా ఎక్కువన్నారు, ఇద్దరు మాత్రం కిందే ఎక్కువన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పొద్దున ఎనిమిదింటికే రెండు చోట్లా కొలవాలి. వాన కూడా ఆగకుండా ఉంటే బాగుండు.