మైకు లేని కచేరీ

ఈ ఏడాది త్యాగరాజ ఆరాధనకు మా విజయవాడ కాలనీలో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలతోనే నిండు కచేరీ చేయిద్దామని నేను అన్నప్పుడు సంఘంలో చాలామంది ఒప్పుకోలేదు. పేరున్న విద్వాంసులు పాడితేనే జనం వస్తారన్నారు. పిల్లలు ప్రార్థన పాడి దిగిపోతే చాలన్నారు. 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో పూర్తి కచేరీ చేసింది ఈ ఊళ్లోనే, ఆరాధన ఉత్సవంలోనే అని గుర్తుచేశాను. పాలకొల్లు శ్రీనివాస్ పసివాడుగా ఉండగా మాండలిన్ పట్టుకుని తొలిసారి కచేరీ చేసింది కూడా 1978లో గుడివాడ ఆరాధనలోనే. ఆ పసివాళ్ల ముందు కూర్చుని విన్నవాళ్లు పేరు చూసి వచ్చారా?

చివరికి సరేనన్నారు. తర్వాత సంభావన దగ్గర పేచీ మొదలైంది. శాలువా కప్పి జ్ఞాపిక ఇస్తే సరిపోతుందట! ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపమే. మృదంగానికి మూతలు మార్పించాలన్నా, వయొలిన్‌కు మంచి తీగలు కొనాలన్నా ఆ తల్లిదండ్రులకు ఎంత అవుతుందో లెక్కవేసి చూపించాను. పాడే అమ్మాయికీ, వయొలిన్ అమ్మాయికీ, మృదంగం అబ్బాయికీ ముగ్గురికీ సమానంగా సంభావన ఇవ్వాలని తీర్మానం రాయించాకే హాలు తాళం తీసుకున్నాను.

మైకు వద్దన్నది కూడా నేనే. మాది చిన్న హాలు. గత వేడుకల్లో పెద్ద స్పీకర్లు పెడితే మృదంగం తప్ప ఏదీ వినిపించలేదు. అయితే గచ్చు మీద, ఉత్త గోడల మధ్య గొంతు మారుమోగుతుంది. అందుకని నేలంతా జంపఖానాలు పరిపించి, కిటికీలకు మందపు తెరలు కట్టించాం. ఏసీ చల్లదనానికి తోలు శ్రుతి మారుతుందని మృదంగం అబ్బాయి చెప్పాడు. ఫ్యాన్లతోనే సరిపెట్టుకున్నాం. అతను ఎడమ మూతకు తడిపిన బొంబాయి రవ్వ మెత్తి, కుడి మూత అంచును రాయితో తడుతూ అమ్మాయి శ్రుతికి కలుపుకుంటుంటే, ముందే వచ్చినవాళ్లు చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డారు.

వర్ణం పాడేటప్పుడు ఆ అమ్మాయి చేతులు వణకడం ముందు వరుసలో ఉన్న మాకు కనిపిస్తూనే ఉంది. ప్రధాన కృతికి మోహన రాగం ఎత్తుకుంది. ఆలాపనలో తారస్థాయి షడ్జమం, అంటే పై 'స', అందుకోబోయి ఒకసారి వెనక్కి తగ్గింది. ఊపిరి తీసుకుంది. మళ్లీ వెళ్లి పట్టుకుంది. వయొలిన్ అమ్మాయి ఆ షడ్జమాన్నే తీసుకుని కమానుతో నిలిపింది. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో ఇద్దరూ పోటీపడుతుంటే, ఒక విసురుకు జవాబు ఇవ్వలేక వయొలిన్ అమ్మాయి నవ్వేసింది. తాళం మరుసటి చుట్టులో బదులు తీర్చుకుంది. మృదంగం అబ్బాయి "భళా" అన్నాడు. ఇంట్లో రికార్డులు వింటాను, అవి దోషం లేనివి, నాకు ప్రాణం. కానీ అందులో ఆ స్వరం అందుతుందో లేదో అన్న బెంగ ఉండదు. ఇక్కడ ఆ బెంగ మేమూ పడ్డాం, అందగానే మాకూ గుండె నిండింది.

మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనానికి జనం లేచి వెళ్లడం ఎన్నోచోట్ల చూసి బాధపడ్డాను. ఆ సాయంత్రం ఒక్కరూ కదలలేదు. ఆది తాళం హాలంతా వేశారు. దాని ముగింపుగా వాయించే ముక్తాయింపు మూడోసారి వచ్చి సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడగానే, ఎన్నో నెలలుగా గుమ్మం దాటని మా ఎదురింటి పిన్నిగారు కుర్చీలోంచి లేచి నిలబడి నవ్వుతూ చప్పట్లు కొట్టారు. భర్త పోయాక ఆవిడ అలా నవ్వగా చూడటం అదే మొదలు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

పిల్లల కచేరీ ప్రతి మూడు నెలలకూ పెట్టాలని ఇప్పుడు సంఘమే అంటోంది. ఈసారి నాదస్వరం నేర్చుకుంటున్న అబ్బాయిని, అతనితో డోలు వాయించే తమ్ముడిని అడిగాం. ఆ నాదానికి మా హాలు చాలదు కాబట్టి, రామాలయం ఆవరణ ఇవ్వమని పూజారిగారితో మాట్లాడుతున్నాం. సంభావన మాత్రం ముందే పక్కన పెట్టేశాం.