కమాన్ కట్టలు తీసి కాయిల్ స్ప్రింగులు: లెక్క కట్టి ఎంచుకున్నాను

నా పాత జీపు వెనక కమాన్ కట్టలు (ఉక్కు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు వేద్దామనుకున్నప్పుడు, ఫలానా బండివి తెచ్చి పెట్టెయ్, సరిపోతాయి అన్నవాళ్లే ఎక్కువ. ఆ బండి బరువు వేరు, అందులో స్ప్రింగు కూర్చునే చోటు వేరు. అందుకే ముందు నా బండి అంకెలు తేల్చుకున్నాను.

కమాన్ కట్ట బరువు మోయడమే కాదు, యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచుతుంది. కాయిల్‌తో ఆ పని కాదు. కాబట్టి యాక్సిల్ ముందుకూ వెనక్కూ పోకుండా దాన్ని బండి ఫ్రేముకు కలిపే ఆర్ములు, పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ పెట్టాం. యాక్సిల్ మీద చోటు లేక స్ప్రింగు కింది ఆర్ము మీదికి వచ్చింది.

చదునైన నేల మీద, సగం ట్యాంకు డీజిల్‌తో, నేను సీట్లో కూర్చుని తూకం వేయించాను. వెనక ఒక్కో చక్రం మీద 340 కిలోలు. అందులో చక్రం, బ్రేకు, సగం యాక్సిల్ కలిపి సుమారు 70 కిలోలు. వాటి బరువు స్ప్రింగు మీద పడదు. మిగిలింది 270.

మామూలు కార్లు సెకనుకు 1 నుంచి 1.5 సార్లు ఊగేలా ఉంటాయి. నేను 1.4 తీసుకున్నాను. అంటే చక్రం దగ్గర గట్టిదనం, ఒక్కో మిల్లీమీటరు కుంగడానికి 21 న్యూటన్ల బలం. కానీ స్ప్రింగు చక్రం దగ్గర లేదు కదా! స్ప్రింగు పెట్టకుండా రెండు చక్రాలనూ జాకీలతో 50 మి.మీ. లేపితే, అది కూర్చునే చోట 40 మి.మీ.లే కదిలింది. నిష్పత్తి 0.8. ఆర్ము మీద ఉన్న స్ప్రింగు తక్కువ నొక్కుకుంటుంది, దాని బలమూ చక్రానికి తగ్గి చేరుతుంది. అందుకే 0.8తో రెండుసార్లు భాగించాలి. 21 కాస్తా 33 అయింది. నా ఉద్దేశంలో మొత్తం పనిలో అతి ముఖ్యమైన కొలత ఇదే.

తర్వాత టెన్షన్ పెట్టింది లోడు. వెనక మనుషులు, సామాను ఎక్కి ఒక్కో పక్క 120 కిలోలు పెరిగితే బండి 56 మి.మీ. కుంగుతుంది. బంప్ స్టాప్ (బండి మరీ కుంగకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా నాకున్నదే 90. స్ప్రింగు గట్టిది చేస్తే ఖాళీగా వెళ్లేటప్పుడు నడుము విరుగుతుంది. కాబట్టి గట్టిదనం మార్చలేదు, పొడవు మార్చాను. సగం లోడుతో బండి సరైన ఎత్తులో నిలబడాలని పెట్టుకుంటే, అప్పుడు స్ప్రింగు 250 మి.మీ. ఉండాలి, కుదింపు 124. అంటే ఏ బరువూ లేకుండా విడిగా ఉన్నప్పుడు స్ప్రింగు దాదాపు 375 మి.మీ. పొడవు కావాలి. ఫుల్ లోడులోనూ 60 మి.మీ.కు పైగా చోటు మిగులుతుంది.

చివరికి దొరికిన స్ప్రింగు తీగ మందం 13 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 110, పనిచేసే చుట్లు ఆరున్నర. లెక్క 33కు దగ్గరగా వచ్చింది. మందం కొలిచే కాలిపర్ వెంట తీసుకెళ్లండి: తీగ 10 శాతం లావైతే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది, కంటికి మాత్రం తేడా తెలియదు. మొత్తం చుట్లు 8 కాబట్టి ఒకదానికొకటి ఆనేసరికి 104 మి.మీ. స్ప్రింగు 178 మి.మీ. ఉండగానే నా బంప్ స్టాప్ ఆపేస్తుంది.

పాత షాకులు (ఊపును అణిచే షాక్ అబ్జార్బర్లు) మాత్రం ఉంచుకోలేదు. కమాన్ కట్టలో ఆకుల రాపిడే కొంత ఊపును ఆపేది, కాయిల్‌లో అది లేదు. కొత్త షాకుల పొడవు కూడా చూసుకున్నాను, చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు దాని గిన్నెలోంచి జారిపోకూడదు.

ఇప్పుడు షాకు రాడ్‌కు జిప్ టై కట్టి తిరుగుతున్నాను. ఫుల్ లోడుతో స్పీడ్ బ్రేకర్లు దాటాక అది ఎక్కడిదాకా జరిగిందో కొలుస్తున్నాను. కొత్త స్ప్రింగులు కాస్త కుంగుతాయి కాబట్టి ఎత్తు మళ్లీ చూసుకున్నాకే బంప్ స్టాప్‌ను ఖాయం చేస్తాను.