టిన్ను ఎక్కడ సొట్టపోతుందో ముందే చెప్పడానికి: నా ఎం.టెక్ ప్రాజెక్టు అనుభవం

ఎం.టెక్ ప్రాజెక్టుకి పల్చటి గోడల సిలిండర్ల బక్లింగ్, అంటే బరువు పడితే గోడ ఒక్కసారిగా ముడతపడి అణిగిపోవడం, తీసుకున్నాను. శాంపిళ్లు ఖాళీ కూల్‌డ్రింక్ టిన్నులు. గోడ మందం 0.1 మిల్లీమీటరు, వ్యాసార్ధం 33. క్లాసులో చెప్పిన ఫార్ములా ప్రకారం ఆ గోడ దాదాపు 270 కిలోలు మోయాలి. 52 కిలోల మా రూమ్మేట్‌ని మెల్లగా ఒంటికాలి మీద నిలబెడితే మోసింది. పక్కనుంచి రెండు వేళ్లతో తట్టానో లేదో, కాలి కింద బిళ్లలా అణిగిపోయింది.

అసలు పరీక్ష 3 కిలోల దిమ్మెను మీటరు ఎత్తు నుంచి వదలడం. తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 4.4 మీటర్లు. కంప్యూటర్ మోడల్‌లో గాజులు పేర్చినట్టు గుండ్రటి మడతలు వచ్చేవి. నిజం టిన్నుల మీద మాత్రం వజ్రపు పలకల్లాంటి ముడతలు. మెష్ (మోడల్‌ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టే వల) మార్చాను, ఫ్రిక్షన్ మార్చాను. మూడు నెలలు అలాగే గడిచిపోయాయి. రివ్యూ దగ్గరపడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు మా గైడ్ గారు టిన్ను చేతికిచ్చి, "కళ్లు మూసుకుని దీనిమీద వేలు పోనివ్వమ్మా" అన్నారు. నున్నగానే ఉంది. రెండోసారి ఒకచోట వేలు కాస్త లోపలికి దిగినట్టనిపించింది. సన్నటి ఎత్తుపల్లాలు కొలిచే డయల్ గేజ్‌తో 5 డిగ్రీలకొకటి చొప్పున చుట్టూ 72 రీడింగులు తీశాను, అలా పై నుంచి కింది దాకా చాలా వరసలు. ఆ పల్లం లోతు దాదాపు గోడ మందమంత! నా మోడల్‌లో ఉన్నది ఏ లోపమూ లేని సిలిండర్. ఇంత చిన్న లోపమే ఇలాంటి పల్చటి గోడల షెల్ బలాన్ని ఎంతగా తగ్గిస్తుందో నెదర్లాండ్స్‌కి చెందిన కోయిటర్ 1945లోనే తన థీసిస్‌లో నిరూపించారు. డచ్‌లో రాయడంవల్ల చాలా ఏళ్లు బయటివాళ్ల దృష్టికి రాలేదు. అది ముందే చదవాల్సింది.

దెబ్బ హఠాత్తుగా తగిలినప్పుడు ఇంకో సంగతి ఉంది. గోడ మడత పడాలంటే పక్కకు కదలాలి, కదలడానికి దానికి కాస్త సమయం కావాలి. అందుకే ఆ క్షణంలో నెమ్మదిగా నొక్కినప్పటికంటే ఎక్కువ బలానికి ఆగుతుంది. ఈలోగా బోలెడు చిన్న అలలు ఒకేసారి పెరగడం మొదలుపెడతాయి. ముందునుంచే పల్లం ఉన్నచోట అల మిగతావాటిని దాటిపోతుంది.

కొలతలన్నీ మోడల్‌లో పెట్టి, అది చూపించిన చోట టిన్ను మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. కెమెరా సెకనుకు 10,000 ఫ్రేములు. దిమ్మె వదిలాం. ఫ్రేములు ఒక్కొక్కటే జరిపి చూస్తే, మొదటి మడత ఆ పెన్సిల్ గీత మీదే పడింది.