మెయిన్ దించినా వదలని కాంటాక్టర్

నల్లగొండలో ఒక బట్టల దుకాణం ప్యానెల్‌ను కొత్త లోడుకు సిద్ధం చేసే పని ఈ మధ్య నాకు వచ్చింది. పాత ప్యానెళ్లలో పనికిరాని తీగలు మిగిలిపోవడం మాకు కొత్త కాదు. కానీ ఇక్కడ మెయిన్ ఎంసీసీబీని, అంటే దుకాణమంతటికీ కరెంటు ఆపే పెద్ద బ్రేకర్‌ను దించి, దుకాణమంతా చీకటైన తర్వాత కూడా, మూలనున్న కాంటాక్టర్ ఒకటి వదలలేదు. కాంటాక్టర్ అంటే, తన కాయిల్‌కు కరెంటు అందినంతసేపు లైనును కలిపి పట్టుకొని ఉండే స్విచ్చు.

"మెయిన్ బంద్ చేసినా గూడ ఇది గుయ్యిమంటనే ఉన్నదన్నా" అన్నాడు నా వెంట ఉన్న పిల్లవాడు.

దాని కాయిల్ ఏ1 టెర్మినల్‌కు వచ్చింది ఆకుపచ్చ తీగ. ఎర్తుకు తప్ప మరి దేనికీ వాడకూడని ఆ రంగును ఫేజుకు వాడినవారిని ఏమనాలో నాకు తెలియదు. పక్క తీగల ప్రభావంతో చచ్చిన తీగ మీద కూడా నియాన్ టెస్టర్ మసకగా వెలుగుతుంది కనుక, దానిని నమ్మకుండా టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. బల్బు నిండుగా వెలిగింది. తీగ వెంబడి పోగా, అది ఒక చిన్న గాజు ఫ్యూజు గుండా ఎంసీసీబీకి కరెంటు వచ్చే ఇన్‌కమింగ్ వైపునే కలిసి ఉంది. కాంటాక్టర్ గుండా పోయేది మాత్రం పై అంతస్తు ఏసీల లైను.

ప్యానెల్ తలుపు మీద చేంజోవర్ (బయటి కరెంటుకూ జనరేటర్‌కూ మధ్య మార్చే స్విచ్చు) పిడి ఉండవలసిన రంధ్రాన్ని రేకుతో మూసి ఉండడం చూశాక సంగతి అర్థమైంది. 2012, 2013 ప్రాంతంలో గంటల తరబడి కోతలుండేవి. దుకాణాలన్నీ జనరేటర్ల మీదే నడిచేవి. ఏసీ కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు, నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, చిన్న జనరేటర్ దానిని మోయలేదు. బయటి కరెంటు ఉంటేనే కాయిల్ పట్టుకునేలా చేస్తే, అది పోగానే ఏసీలు వాటంతట అవే విడిపోతాయి. ఉపాయం మంచిదే కానీ, చేంజోవర్‌ను ఇంకా జనరేటర్ వైపు ఉంచిన సమయంలో కరెంటు తిరిగి వస్తే కాంటాక్టర్ పట్టుకొని ఏసీల భారమంతా జనరేటర్ మీద పడుతుంది. ఈ మాట అంటే అక్కడి పాత గుమాస్తా నవ్వి, "కరెంటు రాంగనే జనరేటర్ బరువెక్కుతుండె సార్, దాంతోనే మాకు ఎరుకయ్యేది" అన్నాడు.

జనరేటర్‌ను అమ్మేసినప్పుడు చేంజోవర్‌ను తీసి మెయిన్‌ను సూటిగా కలిపారు, కాయిల్ తీగను మరిచారు. మెయిన్ దించి ధైర్యంగా చేయి పెట్టేవాడికి 230 వోల్టులు అక్కడే కాచుకొని ఉన్నాయన్నమాట. మీటరు తర్వాతి కటౌట్ ఫ్యూజులు పీకి, మూడు ఫేజులనూ టెస్ట్ ల్యాంపుతో పరీక్షించి, ఆ తర్వాతే కాంటాక్టర్‌నూ ఆకుపచ్చ తీగనూ తొలగించి, ఏసీలకు వేరే ఎంసీబీ ఇచ్చాను.

ఇంకొక సన్నని నల్ల తీగ తీగలు పోయే ట్రంకింగ్‌లోంచి పై అంతస్తు వైపు పోతోంది. దాని మీద వోల్టేజీ లేదు. రెండో కొన దొరికేదాకా తెంచవద్దని, ఈ కొసకు టేపు చుట్టి, చీటీ కట్టి ఉంచాను.