కార్బిమజోల్ మొదలెట్టగానే ఎందుకు తగ్గదంటే

మా పిన్నికి హైపర్ థైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ మరీ ఎక్కువైపోవడం, దానికి కార్బిమజోల్ మొదలెట్టారు, ఇన్ని రోజులైనా గుండె దడ తగ్గట్లేదు ఈ మందు వేస్టు మానేస్తా అంటోంది. మానకు పిన్నీ అని ఫోన్లో చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఈ డౌటు చాలామందికి ఉంటుంది.

మిగతా గ్రంథులు హార్మోన్ని దాచుకున్నా కణం లోపలే కొద్దికొద్దిగా దాచుకుంటాయి, థైరాయిడ్ మాత్రం కణాల బయట, ఫాలికిల్ అనే చిన్న చిన్న సంచుల లోపల రెండు మూడు నెలలకి సరిపడా దాస్తుంది, అచ్చం గాదెలో వడ్లు పోసినట్టు. దాచేది థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్‌గా. రెండు సగాలు, ఒక్కో సగంలో సుమారు 2,750 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ కట్టే ఇటుకలు). ఇంత చేసి అందులోంచి వచ్చే టీ4 (థైరాయిడ్ ముఖ్య హార్మోన్) మామూలుగా రెండో మూడో అణువులు, అంతే!

ఆ రెండు మూడింటి కోసం ప్రోటీన్ మొత్తాన్ని ముక్కలు చెయ్యాలి. ఆ పని కాథెప్సిన్లది. బీ, కే, ఎల్, ఎస్, డీ ఇలా చాలా ఉన్నాయి. మామూలుగా ఇవి లైసోజోముల్లో, అంటే కణం లోపల అరిగించే చిన్న సంచుల్లో, యాసిడ్‌లో పనిచేసే ఎంజైములు, కానీ థైరాయిడ్‌లో కొన్ని బయటికి కూడా వస్తాయి, గట్టిగా పేరుకుపోయిన నిల్వని అక్కడే కోసి వదులు చేస్తాయి, తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి ఆర్డరు ఇచ్చే పిట్యూటరీ హార్మోన్) చెప్పినప్పుడు కణం ఆ ముక్కల్ని లోపలికి లాక్కుని లైసోజోముల్లో పూర్తిగా అరిగించి టీ4, కొంచెం టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోన్) రక్తంలోకి వదులుతుంది. (పిన్నికి గ్రేవ్స్ జబ్బు, అంటే టీఎస్‌హెచ్ లేకపోయినా యాంటీబాడీలే ఆ ఆర్డరు ఇస్తుంటాయి.) కాథెప్సిన్ కే, ఎల్ రెండూ లేని ఎలుకల్లో టీ4 తగ్గిందని 2003లోనే చూపించారు.

కార్బిమజోల్ ఆపేది కొత్త హార్మోన్ తయారీని. కాథెప్సిన్ల జోలికే పోదు. అందుకే పాత నిల్వ కోత నడుస్తూనే ఉంటుంది, అది తరిగేదాకా వారాలు పడుతుంది, పైగా రక్తంలో ఉన్న టీ4 సగానికి తగ్గడానికే కొన్ని రోజులు. ఈలోగా దడ తగ్గడానికే డాక్టర్లు ప్రొప్రనలాల్ లాంటివి రాస్తారు.

ప్రోటీన్ని కోసినప్పుడు అయోడిన్ ఉన్నా హార్మోన్ కాని ముక్కలు కూడా బోలెడు వస్తాయి, వాటినుంచి అయోడిన్ ఊడదీసి మళ్ళీ వాడుకోడానికి ఇంకో ఎంజైమ్ ఉంది, అది పుట్టుకతోనే లోపిస్తే ఆ అయోడిన్ మూత్రంలో పోతుంది, గాయిటర్ (మెడ దగ్గర థైరాయిడ్ వాపు) వస్తుంది, హార్మోన్ తగ్గుతుంది.