టెస్ట్ కిట్‌లో సున్నా, రాళ్ల మీద నాచు

నాచుకి ఎరువులాంటిది ఫాస్ఫేట్. దానికి టెస్ట్ చేస్తే సున్నా వస్తుంది, రాళ్ల మీద మాత్రం వేలెడు పొడవు పచ్చనాచు ఊగుతూ ఉంటుంది. ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంక్, అంటే ఇంట్లో పగడాలు పెంచే అక్వేరియం, పెట్టిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ తలనొప్పి తప్పదు. కిట్ పాడైందేమోనని ఇంకోటి కొంటారు, అదీ సున్నాయే అంటుంది. కిట్ తప్పేం లేదండీ. అది నీళ్లలో ఉన్నదాన్నే కొలుస్తుంది, వచ్చిన ఫాస్ఫేట్‌ని వచ్చినట్టు నాచు లాగేసుకుంటుంటే ఇక కొలవడానికేం మిగులుతుంది? మీరు వెతికే ఫాస్ఫేట్ అంతా ఆ పచ్చ వెంట్రుకల్లోనే ఉంది. అందుకే మందు సీసా ఏది కొనాలని అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే, ముందు చేత్తో పీకండి. పీకిన నాచుతో పాటు అది తిన్నదంతా ట్యాంక్ దాటి బయటికి పోతుంది. మందేసి చంపితే అది కుళ్లి, మళ్లీ అదే నీళ్లలో కలుస్తుంది.

మాది ఒడిశాలోని బరంపురం. హాల్లో నాలుగడుగుల ట్యాంక్, కింద సంప్, అంటే ఫిల్టర్, పంపు ఉండే రెండో తొట్టి. జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ (మూడూ రాతి గూడు కట్టని మెత్తటి రకాలు), ఒక జత క్లౌన్ చేపలు, అంతే. రాతి పగడాల జోలికి వెళ్లలేదు, అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎవరో గుట్టుగా అమ్ముతున్నారు కదాని కొని కేసుల్లో ఇరుక్కోకండి.

పీకడానికి నా పద్ధతి ఇది. సైఫన్ గొట్టం మూతి దగ్గర పాత టూత్‌బ్రష్ ఒకటి రబ్బరు బ్యాండ్లతో బిగించి, రెండో కొస సంప్‌లో ఉన్న ఫిల్టర్ సాక్ అనే వడకట్టే గుడ్డసంచిలోకి వదులుతాను. బ్రష్‌తో రుద్దుతుంటే ఊడిన ముక్క ఊడినట్టే గొట్టంలోకి పోతుంది, నీళ్లు సాక్‌లో వడకట్టుకుని పంపుతో తిరిగి పైకే వస్తాయి, కాబట్టి ఉప్పునీళ్లు అయిపోతున్నాయన్న కంగారు ఉండదు, తీరిగ్గా చేసుకోవచ్చు. బ్రష్‌కి లొంగని కుదుళ్లని పట్టకారుతో రాతికి ఆనించి పట్టుకుని, కాస్త మెలిపెట్టి లాగితే అడుగున సున్నం పొడితో సహా లేచొస్తాయి. పైపైన తెంపితే మాత్రం వారం తిరక్కుండా మళ్లీ అదే ఎత్తు. పనయ్యాక సాక్ వెంటనే తీసి ఉతికెయ్యాలి, రేపు చూద్దాం అనుకుంటే అందులోనే కుళ్లి మొదటికొస్తుంది. జోయాంథిడ్లు ఉన్న ట్యాంకైతే గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే చాలా గట్టి విషం ఉంటుంది. రాళ్లు శుభ్రం చేద్దామని పొయ్యి మీద ఉడకబెట్టడం మాత్రం చచ్చినా చెయ్యకండి, ఆ ఆవిరికి కుటుంబాలకి కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

నత్తల్ని వదలడం దీని తర్వాతే. పొడుగ్గా పెరిగిపోయిన నాచుని చాలా నత్తలు ముట్టవు, మనం పొట్టిగా చేసిపెట్టాక వచ్చే చిగుళ్లని మాత్రం టర్బో నత్తలు బాగా గీకుతాయి.

ఇక ఆ ఫాస్ఫేట్ ఎక్కడినుంచి వస్తోందన్నది. మొదటి దారి నీళ్లే. మా మావయ్య ఇంటికొచ్చిన ప్రతిసారీ అడుగుతాడు, "ఏటల్లుడూ, గోపాల్‌పూర్ ఇంత దగ్గర్లో ఎట్టుకుని ఉప్పు డబ్బాలు కొంటన్నావా?" అని. అడగడంలో న్యాయం ఉంది, పదహారు పదిహేడు కిలోమీటర్లలో సముద్రం. కానీ ఒడ్డున ముంచి తెచ్చుకునే నీళ్లని నమ్మలేం. వానాకాలం వెళ్లాక గంగ, మహానది తెచ్చి పోసిన మంచినీళ్లు ఈ తీరం వెంబడే దక్షిణానికి దిగుతాయి, దగ్గర్లోనే రుషికుల్య కలుస్తుంది, దాంతో ఉప్పుదనం బాగా పడిపోతుంది. ట్యాంక్‌కి కావలసిన 35 పీపీటీ (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) ఎక్కడ, ఆ నీళ్లెక్కడ? పైగా నది తెచ్చేది ఒట్టి నీళ్లే కాదు, పొలాల్లో చల్లిన ఎరువు కూడా. మావయ్యకి ఇదంతా చెప్తే "సర్లే" అంటాడు, మళ్లీసారి వచ్చినప్పుడు అదే ప్రశ్న.

ఉప్పు కొన్నాక కూడా అది కలిపే నీళ్లు ముఖ్యం. వంటింటి ఆర్వో మిషన్ చాలదు. చాలా మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగున్న లవణాల లెక్క) కంట్రోలర్ అని పెట్టి, వడకట్టని నీళ్లు కొంచెం మళ్లీ కలుపుతారు. తాగడానికి పర్వాలేదు, ట్యాంక్‌కి పనికిరాదు. అది మూసేసి, ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలుండే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలించి, మీటర్‌లో టీడీఎస్ సున్నా వచ్చాకే ఉప్పు కలపాలి. ఆ సున్నాని కూడా పూర్తిగా నమ్మొద్దు, రెజిన్ అయిపోవచ్చేటప్పుడు అందరికంటే ముందు జారిపోయేది సిలికా, మీటర్‌కి అది సరిగా కనపడదు. ఆ సిలికాతో పెరిగే గోధుమరంగు నాచు, డయాటమ్‌లు, కొత్త ట్యాంక్‌లో వస్తే వాటంతట అవే పోతాయి కానీ, పాత ట్యాంక్‌లో మళ్లీ కనిపిస్తే మొదట రెజిన్ మార్చి చూడండి.

తిండి సంగతి. ప్యాకెట్లలో వచ్చే ఫ్రోజెన్ రొయ్యల్లో నీరు పట్టి ఉండడానికి ఫాస్ఫేట్ ఉప్పులు కలపడం మామూలే, అంటే డబ్బులిచ్చి మరీ ఎరువు కొని ట్యాంక్‌లో వేస్తున్నట్టు. మనకి చేపల మార్కెట్ ఉండగా ఆ ఖర్మెందుకు, పచ్చి రొయ్యలు తెచ్చుకుని, వొలిచి, సన్నగా తరిగి, కడిగి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సరి. కరిగిన నీళ్లు ట్యాంక్‌లో పొయ్యకుండా వంపెయ్యాలి.

ఇవన్నీ సరిచేసినా నాచు వెంటనే తగ్గదు, అక్కడే చాలామంది విసిగిపోతారు. రీఫ్ రాళ్లంటే కాల్షియం కార్బొనేట్, ఫాస్ఫేట్‌ని తనకి అంటించుకుని ఉంచుకుంటుంది, నీళ్లలో తగ్గేకొద్దీ నెమ్మదిగా వదులుతుంది. నెలలు పట్టొచ్చు. ఈలోగా సంప్‌లో చీటోమార్ఫా పెంచుతున్నా. అదీ నాచే, కాకపోతే మనం చెప్పిన చోట ఉంటుంది, పట్టుకుని బయటికి తియ్యడం తేలిక. పైన లైటు ఆరినప్పుడు సంప్‌లో లైటు వేస్తే రాత్రిపూట పీహెచ్ మరీ పడిపోకుండా కూడా పనికొస్తుంది. ఒక చిక్కుంది. 1983లో అట్కిన్సన్, స్మిత్ అనే ఇద్దరు లెక్క తేల్చినదాని ప్రకారం సముద్రపు నాచుల్లాంటి వాటిలో ఫాస్ఫరస్ 1 ఉంటే నైట్రోజన్ (నీళ్లలో నైట్రేట్‌గా దొరికేది) 30 దాకా ఉంటుంది. అంటే చీటో నైట్రేట్‌ని ముందే ఊడ్చేసి, ఫాస్ఫేట్ ఇంకా ఉండగానే ఆకలితో ఆగిపోతుంది. చీటో పెట్టినా ఫాస్ఫేట్ దిగట్లేదని గోల పెట్టేవాళ్లు ముందు నైట్రేట్ చూసుకోండి.

అలాగని రెండూ సున్నా చెయ్యాలని పంతం పట్టొద్దు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే నాకు నిశ్చింత. నిజంగా సున్నాకి తెచ్చినవాళ్లకి దాపురించేవి డైనోలు, అంటే డైనోఫ్లాజెలేట్లు అనే ఒంటికణపు జీవులు. గోధుమరంగు జిగురు తీగలు, కొసల్లో గాలి బుడగలు, సాయంత్రానికి పెరిగి, తెల్లారేసరికి సగం మాయం. పచ్చనాచు వీటి ముందు దేవత. కొన్ని రకాల డైనోలు నత్తల్ని కూడా చంపేస్తాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ కొంచెం పెంచితేనే ఇవి దిగుతాయి, అంటే పచ్చనాచుకి చేసేదానికి సరిగ్గా ఉల్టా. అందుకే ముందు శత్రువెవరో తేల్చుకోవాలి, చవకరకం మైక్రోస్కోప్ చాలు.

ఎర్రగా, పాల మీద మీగడలా పొరగా లేచొచ్చేది సైనో. అసలది నాచు కాదు, బ్యాక్టీరియా. నీటి ప్రవాహం తక్కువున్న మూలల్లో చేరుతుంది, పీల్చేసి, పంపు అటు తిప్పితే చాలావరకు పోతుంది. మూడు రోజులు లైట్లు ఆపి చీకట్లో ఉంచే బ్లాకవుట్ పద్ధతి దీనికి పనిచేస్తుంది, పంపులు మాత్రం తిరుగుతూనే ఉండాలి. మా ఊళ్లో బ్లాకవుట్ అనగానే 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను గుర్తొస్తుంది, కరెంటు పోయే ఆ రకం బ్లాకవుట్‌కి మాత్రం చచ్చేది చేపలే, బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో పడుంటే మంచిది. పచ్చ గోళీల్లాంటి వలోనియా అనే నాచుని ట్యాంక్‌లో చిదపకండి, మొదలు కింద సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి గోళీ గోళీగా లేపాలి.

పీకడం పనిచెయ్యని నాచు ఒకటుంది, బ్రయాప్సిస్. దగ్గరగా చూస్తే కాడకి రెండు పక్కలా ఈకలాగా సన్నటి కొమ్మలుంటాయి, మామూలు పచ్చనాచుకి అవి ఉండవు. దీనికి మాత్రం మందే శరణ్యం, మనుషులకి ఫంగస్ వస్తే డాక్టర్లు రాసే ఫ్లుకోనజోల్. గాలన్‌కి 20 మిల్లీగ్రాములు, అంటే లీటరుకి ఐదు చిల్లర. ఫిల్టర్‌లో కార్బన్ (బొగ్గు) ఉంటే తీసెయ్యాలి, నీళ్లకి గాలి బాగా అందాలి, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. అది చావడం మొదలయ్యాక మళ్లీ మన పాత గొట్టం, టూత్‌బ్రష్ తీసి, తెల్లబడ్డ చెత్తనంతా పీల్చెయ్యాలి.

నా సంప్‌లో చీటో ఎప్పుడూ మిగులే. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, గుప్పెడిస్తాను, డబ్బులేం వద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బా మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో డబ్బాలన్నీ ఇప్పటికే అయిపోయాయని మా ఆవిడ కోపంగా ఉంది.